మంగళవారం లారీ

కోటబొమ్మాళి,
శ్రావణ మాసం, రెండో శుక్రవారం.

బావకి దేముడమ్మ రాసేది.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో నేను పది మాటలంటే నువ్వు ఒక్క “ఊ” అంటావు. పెట్టేశాక ఆ “ఊ”ని ఎన్నిసార్లని తల్చుకోను? కాగితమైతే దిండు కింద ఉంటుంది, తీసి చదువుకోవచ్చు. నువ్వూ రాయాలి. “ఇక్కడ క్షేమం” అని ఒక్క ముక్క రాసి పంపావో, దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద పాలు కాచుకుని ఒక్కదాన్నే తాగేస్తాను.

మొన్న మంగళవారం పొద్దున్న హైవే మలుపు దగ్గరికి వచ్చాను. విజయనగరంలో గ్యాసు ఎత్తుకుని ఈ దారినే భావనపాడు వెళ్తావు కదా. కేరేజీలో దబ్బకాయ పులిహోర. నీ లారీ వచ్చింది. నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలు, నీ ఆక్సిజన్ సిలిండర్లు ప్రార్థనలో నిలబడ్డ బడిపిల్లల్లా ఉన్నాయి. నువ్వు నన్ను చూశావు. చూశావని నాకు తెలుసు, రెండు హారన్లు కొట్టావు. ఆగలేదు. దుమ్ము మాత్రం ఆగింది, నా పులిహోర మీద.

పక్కన కొబ్బరిబొండాలమ్మే ధనలక్ష్మి ఏమందో విను. “ఏటి వొదినా, పురాణం సెప్పి వూరందర్నీ కూకోబెట్టీసినావు గాని, సొంత మొగుడి లారీని ఆపలేకపోనావు!”

అయిదో తరగతితో బడి మానేసి, మా నాయనమ్మ భుజం మీంచి పుస్తకంలోకి తొంగిచూసి అక్షరం కూడబలుక్కున్నదాన్ని నేను. ఏ గురువూ లేడు. అయినా శనివారం మైకు పట్టుకుంటే బీడీ కాల్చేవాడు కూడా ఆర్పి చెవి మీద పెట్టుకుని వింటాడు. ఆ నోటితోనే అడుగుతున్నాను. మొసలి కాలు పట్టిన ఏనుగు కేక వేస్తే వైకుంఠం వదిలి ఉన్నపాటున పరుగెత్తుకొచ్చాడే స్వామి! అంతటివాడు ఒక జంతువు కోసం వస్తే, టీ తాగేంత సేపు నువ్వు నాకోసం ఆగలేవా? నెలకి రెండు ఆదివారాలు వచ్చేవాడివి. ఆషాఢం దాటింది, శ్రావణం సగమైంది. మంచం మీద నీ వైపు దుప్పటికి మడత కూడా పడలేదు.

దేముడమ్మ


విజయనగరం,
బుధవారం.

దేముడూ,

ఉత్తరం అందింది. ప్లాంటు గేటు దగ్గర అందరూ చూస్తుండగా గిరిబాబు చదవబోయాడు. లాక్కున్నాను. వాడు నా బండికి రెండో డ్రైవరు, టెక్కలివాడు, నీ పురాణమంటే చెవి కోసుకుంటాడు. “అన్నా, వొదిన నాకేటైనా రాసిందా?” అని ఒకటే గోల.

నీ ఏనుగు సంగతి. స్వామి ఒక్క చక్రంతో వచ్చాడు. నా బండికి ఆరు చక్రాలు, వెనక నిండు సిలిండర్లు. వాటితో ఇళ్లూ జనమూ ఉన్న చోట నిలపకూడదు. దారిలో ఎక్కడ ఆగాలో కంపెనీవాళ్లే చెప్తారు, అవన్నీ ఊళ్లకి దూరం. పక్క సీట్లో పరాయి మనిషిని ఎక్కించకూడదు, పెళ్లామైనా సరే. సిలిండరు ఒరిగి పడి మెడ విరిగిందనుకో, లోపలి గాలి తోపుకి అది గోడలు బద్దలుకొట్టుకుంటూ పోతుంది. నేను ఆగితే నువ్వొక్కదానివే రావు. ధనలక్ష్మి వస్తుంది, ఆవిడ మనవలొస్తారు, టీ కొట్టువాడు పొయ్యి వదిలి వస్తాడు. అందుకని ఆగను. రెండు హారన్లు నీకే. ఇంకెక్కడా అలా కొట్టను.

వస్తే తలంటుతానని పోయినసారి అన్నావు. ఇక్కడ పని రోజుల్లో తలకి నూనె లేదు. భద్రత చూసే శ్రావణి మేడమ్ గేటు దగ్గర నిలబడి మా చేతులు చూస్తుంది, జిడ్డుంటే సబ్బిచ్చి వెనక్కి పంపుతుంది. మొదటి రోజే చెప్పింది: “ఆక్సిజన్ తనంతట తను మండదు. సిలిండరు నోటి దగ్గర నూనె గాని, గ్రీజు గాని ఉందా, అగ్గిపుల్ల అక్కర్లేదు, గాలి విప్పగానే అదే అంటుకుంటాది.” నా జుట్టు కొబ్బరి పీచయింది. నీ చెయ్యి పడితే గాని లొంగదు.

రాకపోవడం నీ మీద మనసు లేక కాదు. ఆసుపత్రుల లోడు కాక, భావనపాడు వైపు కట్టడాల పనులకి వెల్డింగువాళ్లు రోజూ లోడు అడుగుతున్నారు. ఇద్దరు డ్రైవర్లు మానేశారు. దసరాకి వస్తాను. మాట.

అప్పలసూరి


కోటబొమ్మాళి,
వినాయక చవితి మర్నాడు.

బావా,

దసరాకన్నావు. సరే. మాట ఇచ్చావు కాబట్టి చెప్తున్నాను, మాట కోసం అడవులకి పోయినవాడి కథ చెప్పి బతుకుతున్నదాన్ని. తప్పావంటే మైకులోనే తిడతాను, నీ పేరు పెట్టి.

నీ ఉత్తరం చదివాక మంగళవారం మలుపు దగ్గర కోపంగా నిలబడలేదు. కేరేజీ తీసుకురాలేదు. ఊరికే వచ్చాను. రెండు హారన్లు విన్నాను. లారీ కనిపించకుండా పోయాక కూడా కాసేపు అక్కడే ఉన్నాను. ధనలక్ష్మి ఒక బొండాం కొట్టి చేతిలో పెట్టింది.

గిరిబాబు సెలవుకి వచ్చి శనివారం పురాణానికి ముందు వరసలో కూర్చున్నాడు. ఆ రోజు చెప్పినది ఆంజనేయుడి సిందూరం కథ. సీతమ్మ పాపట్లో సిందూరం పెట్టుకుంటుంటే “ఇదేమిటమ్మా” అని అడిగాడు. “స్వామికి ఆయుష్షు నాయనా” అందామె. చిటికెడంతకే అంత ఆయుష్షయితే అని ఒళ్లంతా పూసుకున్నాడు పిచ్చి భక్తుడు! భక్తి అంటే అలా ఉండాలి, కొలత పెట్టుకుని చేసేది భక్తి కాదు, బేరం అని గొంతు చించుకున్నాను. గిరిబాబు కళ్లంట నీళ్లు.

వాడి చేతికి ఒక డబ్బా ఇచ్చాను. సిందూరాన్ని నువ్వుల నూనెతో మెత్తగా కలిపి, మంగళవారం గుడిలో స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చినది. నువ్వు ఆసుపత్రులకి ఊపిరి మోస్తున్నావు. సంజీవి కొండ మోసినవాడి బొట్టు నీకు కాక ఇంకెవరికి? బండి ఎక్కేముందు నుదుట పెట్టుకో. నా వేలు అనుకో.

దేముడమ్మ


విజయనగరం,
మహాలయ అమావాస్య.

దేముడూ,

డబ్బా అందింది. రోజూ పెట్టుకుంటున్నాను. పెట్టుకున్నాక సబ్బుతో చెయ్యి కడుక్కుని బండి ముట్టుకుంటున్నాను. శ్రావణి మేడమ్ నా నుదురు చూసి నవ్వింది, చేతులు చూసి వదిలేసింది. కేబిన్లో స్వామి పటం ముందు పెట్టాను. బ్రేకు వేసినప్పుడల్లా డబ్బా ముందుకి జరుగుతుంది. మలుపు దగ్గర కూడా జరుగుతుంది, అక్కడ నేను బ్రేకు వెయ్యకపోయినా. నీకు చెప్పకూడదనుకున్నాను, యాక్సిలేటరు మీద కాలు కాస్త సడలుతుంది.

ఆయుధపూజ పొద్దున్నే చేసుకుంటాం. ఒక్క లోడు దింపి వచ్చి సాయంత్రం బస్సెక్కుతాను. నూనె కాచి ఉంచు. ఈసారి “ఊ” అనను. నువ్వే ఆపమనేదాకా మాట్లాడతాను.

అప్పలసూరి


కోటబొమ్మాళి,
దసరా వెళ్లిన బుధవారం.

అప్పలసూరి గారికి,

గారు అన్నందుకు భయపడు. నూనె కాచాను. చల్లారింది. మళ్లీ కాచాను. ఆఖరి బస్సు దిగినవాళ్ల మొహాలు వరసగా చూశాను. ఇంటికొచ్చాక ఫోను: “లోడు పడింది, రాలేను.” నేను “ఎందుకూ?” అంటే “ఊ.” అడిగినదేమిటి, చెప్పినదేమిటి?

నిన్న మంగళవారం. తిడదామనే వచ్చాను మలుపుకి. నీ లారీయే, నంబరు చూశాను. హారన్లు లేవు. అద్దంలో గిరిబాబు. పక్క సీటు ఖాళీ. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పురాణం మొదటి వరసలో కూర్చుని ఏడ్చినవాడు, వొదినని చూసి మొహం తిప్పుకున్నాడు!

ఎవత్తైనా ఉంటే చెప్పు. అయోధ్యలో రాజుకి ముగ్గురున్నారు, ఏమైందో తెలుసుగా. అది కాకపోతే, నేనేం పాపం చేశానో చెప్పు. ధనలక్ష్మి “ఫోను సెయ్యి వొదినా, కోపం పక్కన పెట్టీసి” అంటోంది. చెయ్యను. ఫోనులో నువ్వు అబద్ధం చెప్పగలవు. కాగితం మీద నీకు అబద్ధం రాయడం రాదు, పెళ్లికి ముందు నుంచీ తెలుసు.

దేముడమ్మ


విజయనగరం,
ఆదివారం.

దేముడూ,

దస్తూరి వేరుగా ఉందని కంగారు పడకు. చేతికి చిన్న దెబ్బ తగిలింది, కట్టు కట్టారు. అందుకని గిరిబాబు చేత రాయిస్తున్నాను. వాడి ఎదుట పెళ్లానికి ఏం చెప్పను? బాగానే ఉన్నాను. తింటున్నాను. ఎవత్తీ లేదు, నీ దెబ్బలు నేనొక్కణ్ణే తినాలి, పంచుకోను. కార్తీకంలో నీకు చాలా ఊళ్లలో పురాణాలుంటాయి, గొంతు జాగ్రత్త. మిరియాల పాలు తాగు. ఇప్పుడే రావద్దు. నేనే వస్తాను.

అప్పలసూరి

వొదినా, గిరిబాబుని. అన్న కాఫీకి లేచాడు, కవరు నేనే అంటిస్తాను కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చిన్న దెబ్బ కాదు. కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. ఆయుధపూజ రోజున లోడు దింపిన చోట వెల్డింగు షాపాయన “ఇందులో గాలి నిండుగా ఉన్నాదో లేదో సూపించు” అన్నాడు. అన్న గాలి కొలిచే మీటరు బిగించి విప్పాడు. నోటి దగ్గర మెరుపులా మంట వచ్చింది. అన్న ఆ చేత్తోనే తిప్పి మూసేశాడు, లేకపోతే పక్కనున్నవాళ్లం ఎవరమూ మిగిలేవాళ్లం కాదు. పూజలో సిలిండర్ల నోళ్లకి సిందూరం పెట్టింది నేను. నూనె వద్దన్నారు గాని సిందూరం వద్దని ఎవరూ అనలేదు కదా అనుకున్నాను. ఇప్పుడు ఆసుపత్రి నుంచి గదికి తెచ్చాము. ఎడమ చేత్తో అన్నం ముట్టుకోనని చెంచాతో తింటున్నాడు, అదీ గోడవైపు తిరిగి. నీకు చెప్తే చంపేస్తానన్నాడు. చంపనీ.


కోటబొమ్మాళి,
అందిన రోజే.

బావా,

చదివాను. గిరిబాబుని ఏమీ అనకు, నేనున్నాను అనడానికి.

ముందు నిన్ను. పక్కవాడి పెళ్లాం జలుబు కూడా నా దగ్గర దాచలేవు. నీ చెయ్యి కాలితే “లోడు పడింది” అంటావా? నీ కాలిన చేతికన్నా ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది. అగ్నిలో దిగిన సీతమ్మ కూడా అందరూ చూస్తుండగా దిగింది, గోడవైపు తిరిగి దిగలేదు!

ఇప్పుడొక్క ప్రశ్న. గిరిబాబు “సిందూరం” అని రాశాడు. ఏ సిందూరమో రాయలేదు. పూజకి బజారులో కొన్న పొడి కుంకుమ అయితే మండదు, నువ్వే అన్నావు నూనెకే మంటని. నూనెతో కలిపినది ఎవరిది? కేబిన్లో డబ్బా ఎవరిది? నాదేనా?

ఒక్క అక్షరం చాలు. అవును అను, కాదు అను. “ఊ” అని రాశావో, చీల్చి పారేస్తాను.

దే.


విజయనగరం.

దేముడూ

ఎడం చేత్తో రాస్తన్నాను. వంకర్లు సూడకు.

నీదే.

గిరిబాబు భక్తితో పెట్టాడు. నాకు తెలిస్తే ఆపేవాణ్ణి. నేను స్నానానికి పోయాను. మీటరు బిగించినప్పుడు ఎర్రగా కనపడింది, పొడి కుంకుమే అనుకున్నాను. మిగతా సిలిండర్లన్నీ మేడమ్ పక్కన పెట్టించింది. ఎవరికీ ఇంకేమీ అవలేదు. అది చాలు నాకు.

ఎందుకు దాచానంటే, నొప్పి కాదు. నీదని తెలిస్తే నువ్వు మైకు ముట్టుకోవు. నాకు తెలుసు. శనివారాలు తలుపేసుకుని కూకుంటావు. అయిదో తరగతి నుంచి ఒక్కదానివీ లాక్కొచ్చిన గొంతు. నా చెయ్యి మానుతాది. అది ఆగిపోతే మానదు.

అందుకే రావద్దన్నాను. నన్ను చూస్తే నీకు అర్థమైపోతుంది. నిన్ను చూస్తే నేను చెప్పేస్తాను.

రాత్రి నీ పక్క ఖాళీ అని నువ్వు రాశావు. నాకూ పక్క ఉంది ఇక్కడ.

అ.


కోటబొమ్మాళి,
కార్తీకం, మొదటి ఆదివారం, తెల్లవారుజాము.

బావా,

రెండు శనివారాలు తలుపేసుకున్నాను. నువ్వు చెప్పినట్టే. పుస్తకం ముట్టుకోలేదు, దీపం పెట్టలేదు. “కొలత పెట్టుకుని చేసేది భక్తి కాదు” అని అరిచింది నేనే కదా. గిరిబాబు కొలత పెట్టుకోలేదు.

రెండో శనివారం గడిచిన మూడో రోజున శ్రావణి మేడమ్‌కి నేనే ఫోను చేశాను. ఆవిడ “నేను బోర్డులు రాయించి పెడతాను, వాళ్లు బోర్డుకి కూడా బొట్టు పెడతారమ్మా” అంది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. సిలిండరు నోటికి నూనె తగిలితే ఏం చెయ్యాలో అడిగి, రెండుసార్లు చెప్పించుకుని గుర్తుపెట్టుకున్నాను.

నిన్న శనివారం మైకు పట్టుకున్నాను. లారీలవాళ్లు, వెల్డింగు షాపులవాళ్లు, ఆటోలవాళ్లు అందర్నీ రమ్మని ధనలక్ష్మి చేత చాటించాను. సిలిండరు మీద పెట్టిన బొట్టు ఉండకూడదు అన్నాను. గోల మొదలైంది.

ఎవరో వెనక నుంచి, “పుణ్యస్త్రీవై ఉండి బొట్టు తీసీమంటావేటి? అపశకునం కాదూ?”

ఇంకొకతె, “మొగుడి సెయ్యి కాల్తే దేముడి మీద కోపమొచ్చీసినాది!”

నేను మైకు కింద పెట్టేశాను. మైకు లేకుండా చెప్పాను. “ఒరే, ఆంజనేయుడు ఒళ్లంతా సిందూరం పూసుకున్నాడు. ఎవరి ఒంటికి? తన ఒంటికి. రాముడి కళ్లల్లో పూశాడేటి? పూసే ముందు అమ్మనడిగాడు, ఇదేటమ్మా, ఎందుకమ్మా అని. అడిగినోడు భక్తుడు. అడక్కుండా పూసినోడు ఎవడో, పూయమని డబ్బా యిచ్చిందెవత్తో, ఆవిడే మీ ముందు నిలబడ్డాది. నాయుడూ, నీ లారీ అద్దానికి పెట్టు బొట్టు, తలుపుకి పెట్టు, నీ నుదుట పెట్టు. గాలి వచ్చే నోట్లో పెట్టకు. అది దేముడి ఊపిరి, దానికి నూనె పడదు.”

గోల ఆగింది. అందరికీ నచ్చిందనను. ముగ్గురు లేచి పోయారు. ఒక పెద్దాయన “ఇదో కలియుగం” అని తుపుక్కున ఉమ్మాడు. కాని వెల్డింగు షాపు కొండబాబు ముందుకొచ్చి, “అమ్మా, మా షాపులో ఒక దానికి దసరా బొట్టున్నాది. గుడ్డతో తుడిసీమంటావా?” అన్నాడు.

“తుడవకు. ముట్టుకోకు. విప్పకు. నిలబెట్టి గొలుసుతో కట్టి, దగ్గర ఎవర్నీ బీడీ కాల్చనియ్యకు. ప్లాంటుకి కబురు పెట్టు, వాళ్లొచ్చి తీసుకెళ్తారు.”

“సరేనమ్మా” అని వాడు పరుగెత్తాడు. పురాణం మధ్యలో ఒక మనిషి లేచి పరుగెత్తితే నాకు కోపం రాకపోవడం ఇదే మొదలు.

నా గొంతు ఆగుతుందని భయపడ్డావు. ఆగలేదు బావా. ఆగింది వేరే. నిన్న అందరూ వెళ్లిపోయాక ఇంటికొచ్చి తాళం తీశాను. ఇవాళ ఏం చెప్పానో నీకు చెప్పాలి, నువ్వు “ఊ” అనాలి. ఆ “ఊ” లేక ఇంట్లో నాకు ఊపిరాడలేదు. దాన్ని ఇన్నాళ్లూ తిట్టాను. ఎంతమంది చప్పట్లు కొట్టినా అది రాదు.

రావద్దని రాశావు. వస్తున్నాను. ఇవాళ పొద్దున్న రైలుకే. ఉత్తరం నాకన్నా వెనక రాకూడదని, లోడు దింపి అటు వెళ్తున్న గిరిబాబు ఖాళీ లారీలో పంపిస్తున్నాను. నన్ను ఎక్కించుకోమని అడగలేదు. వాడే “పరాయి మనిసిని ఎక్కించకూడదు వొదినా” అన్నాడు, తలొంచుకుని. వీపు మీద ఒకటి వేశాను, ముద్దుగానే.

పండు మిరపకాయ పచ్చడి, నెయ్యి తెస్తున్నాను. అన్నం అక్కడే వండుతాను. చెంచా ఎక్కడైనా దాచెయ్యి. నేను కలిపి ముద్ద పెడతాను, నువ్వు గోడవైపు కాకుండా నావైపు తిరిగి నోరు తెరు, చాలు. కట్టు విప్పి చూపించమని అడగను. నీకు చూపించాలనిపించినప్పుడు చూస్తాను. కార్తీకమంతా అక్కడే ఉంటాను. ఇక్కడి శనివారాలకి వచ్చి పోతాను, రైలుంది.

తలుపు గడియ వెయ్యకు బావా. ఎడమ చేత్తో తియ్యడానికి నీకు ఆలస్యమవుతుంది. అంతసేపు నేను బయట నిలబడలేను.

దేముడమ్మ